ఆ పరికరం బ్యాగులోనే ఉండిపోకూడదు



నేను మన స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లిష్ చెబుతాను. ఈ పేజీలో టీచర్లం ఎక్కువగా పరీక్షల ప్రిపరేషన్, స్పోకెన్ ఇంగ్లిష్, పిల్లల మొబైల్ అలవాటు లాంటి వాటి గురించి రాస్తుంటాం. ఈ నెల నేను ఎలక్ట్రానిక్ మాగ్నిఫయర్ గురించి రాస్తున్నాను. చిన్న కెమెరా, చిన్న స్క్రీన్ కలిసి ఉండే పరికరం అది. పుస్తకం మీద పెడితే అక్షరాలు స్క్రీన్ మీద పెద్దవిగా కనిపిస్తాయి. చూపు బాగా తక్కువగా ఉన్నవాళ్లు దీంతో చదువుకుంటారు.

"మా పిల్లలకు చూపు బాగానే ఉంది, మాకెందుకు" అని పేజీ తిప్పేయకండి. మీ ఇంట్లో పేపర్ చదవడం మానేసిన తాతగారో, మందుల చీటీ మనవడితో చదివించుకునే నానమ్మో ఉండొచ్చు. మీ అబ్బాయి పక్క బెంచీలో అలాంటి పరికరం వాడే స్నేహితుడు ఉండొచ్చు. మీ అమ్మాయికే బోర్డు సరిగ్గా కనపడక, ఆ సంగతి మీకు చెప్పకుండా ఉండొచ్చు కూడా.

కళ్లజోడుతో తీరని ఇబ్బంది

చాలామందికి చూపు సమస్య అంటే సైటు. కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుంది. కానీ కొందరికి సరైన కళ్లజోడు పెట్టినా, ఆపరేషన్ చేసినా, మందులు వాడినా చూపు పూర్తిగా రాదు. దీన్నే లో విజన్ అంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీనికి కొలత కూడా చెప్పింది. కళ్లజోడు పెట్టుకున్న తరువాత కూడా మెరుగైన కంటిలో చూపు 6/18కి మించకుండా, 3/60 వరకు ఉంటే అది లో విజన్. మామూలు చూపున్న మనిషి 18 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని వీళ్లు 6 మీటర్ల దగ్గరకు వస్తేగానీ చదవలేరన్నమాట. చూపు స్పష్టంగానే ఉన్నా, కనిపించే మేర బాగా కుంచించుకుపోయినవాళ్లు కూడా ఇందులోకి వస్తారు.

వీళ్లు అంధులు కారు. నడుస్తారు, ఆడతారు, మనుషుల్ని గుర్తుపడతారు. చిక్కంతా అక్కడే వస్తుంది. "అంత దూరంలో బస్సు కనపడింది కదా, పుస్తకంలో అక్షరం కనపడదా?" అని ఇంట్లోవాళ్లే అంటారు. బస్సుకూ పది పాయింట్ల అక్షరానికీ చాలా తేడా ఉందండీ.

మా నాన్నగారి ఖాతా పుస్తకం

ఈ పరికరాన్ని నేను మొదట చూసింది స్కూల్లో కాదు, మా ఇంట్లో. నాన్నగారికి తెనాలి దగ్గర మా ఊళ్లో కిరాణా కొట్టు ఉంది. చాలా ఏళ్లుగా షుగర్. దానివల్ల రెటీనా దెబ్బతింది. లేజర్ చేశారు, ఇంజెక్షన్లు వేశారు. ఉన్న చూపు నిలబడింది గానీ పోయింది తిరిగి రాలేదు. ఖాతా పుస్తకం అమ్మ చేతికి వెళ్లింది. నాన్నగారు గల్లా దగ్గరే కూర్చునేవారు గానీ ఎవరైనా "నా బాకీ ఎంత?" అని అడిగితే లోపలికి తిరిగి అమ్మను పిలిచేవారు. నలభై ఏళ్లు లెక్కలు రాసిన మనిషికి అది ఎంత కష్టంగా ఉండేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

కంటి ఆస్పత్రిలో లో విజన్ విభాగం ఒకటి ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది. అక్కడ రకరకాల అద్దాలు, పరికరాలు ఆయన చేతికిచ్చి చదివించారు. చివరికి 5 అంగుళాల స్క్రీన్ ఉన్న చేతి మాగ్నిఫయర్ ఆయనకు కుదిరింది. ఇంటికి తెచ్చాక మొదటి వారమంతా అది బీరువాలోనే ఉంది. "ఈ వయసులో నాకెందుకమ్మాయ్ ఇవన్నీ, మీ అమ్మ చూస్తోందిగా" అన్నారు. నేను వాదించలేదు. ఆదివారం ఊరు వెళ్లినప్పుడు ఖాతా పుస్తకం, మాగ్నిఫయర్ రెండూ టేబుల్ మీద పెట్టి, "ఈ పేజీలో మీ చేతిరాత ఏది, అమ్మ చేతిరాత ఏది?" అని అడిగాను. కాసేపు అటూ ఇటూ జరిపి, "ఇదిగో, ఏడు ఇలా మెలిపెట్టి రాసేది నేనే" అన్నారు. ఆ రోజు అరగంట చదివారు. ఇప్పుడు ఖాతా మళ్లీ ఆయనే చూస్తున్నారు. పెద్ద కూడికలు మాత్రం అమ్మకే వదిలేశారు.

నాన్నగారిలో నేను గమనించిన ఇంకో విషయం స్కూల్లో పనికొచ్చింది. రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నవాళ్లు ఎదుటిమనిషిని నేరుగా చూస్తే ముఖం మసకగా కనిపిస్తుంది. అందుకని కొంచెం పక్కకు చూస్తూ మాట్లాడతారు. అప్పుడు బాగున్న రెటీనా భాగంతో ముఖం కనిపిస్తుంది. తెలియనివాళ్లకు అది నిర్లక్ష్యంలా అనిపిస్తుంది.

మా క్లాసులో ఒక పాప

ఏడో తరగతిలో కొత్తగా చేరిన ఒక పాప గురించి చెబుతాను. ఈ వ్యాసం ఆ పాపా వాళ్ల అమ్మగారూ ముందే చదివారు, వేసుకోమన్నారు. పేరు మాత్రం రాయడం లేదు.

తెలివైన పిల్ల. వింటే ఇట్టే పట్టేస్తుంది. కానీ చూసి రాస్తే తప్పులు. ఒకరోజు పాఠం చదివిస్తే 'మోడర్న్' అన్న పదాన్ని 'మోడెమ్' అని చదివింది. ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన పడితే, మసక కంటికి అవి ఎమ్‌లా కనిపిస్తాయి. సి, ఇ, ఓ మూడూ ఒక్కలాగే ఉంటాయి. అది స్పెల్లింగ్ రాని పిల్ల చేసే తప్పు కాదు. పైగా నాతో మాట్లాడేటప్పుడు నా చెవి వైపు చూస్తోంది, అచ్చం నాన్నగారిలాగే.

వాళ్ల అమ్మగారిని రమ్మన్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత పర్సులోంచి ఆస్పత్రి కాగితాలు తీశారు. పాపకు స్టార్‌గార్ట్ అనే జబ్బు ఉందని రెండేళ్ల కిందటే తేలింది. జన్యువుల ద్వారా వచ్చే జబ్బు అది. ఎక్కువగా బడి వయసులోనే బయటపడి, రెటీనా మధ్యలో ఉండే మాక్యులాను మెల్లగా దెబ్బతీస్తుంది. చుట్టుపక్కల చూపు చాలావరకు నిలిచే ఉంటుంది, సన్న అక్షరాలే కష్టం. మాగ్నిఫయర్ కూడా కొన్నారు. అది ఇంట్లోనే ఉంది. ముందు చదివిన స్కూల్లో సంగతి చెబితే "స్పెషల్ స్కూల్‌కి పంపించండి" అన్నారట. "అందుకే ఇక్కడ చెప్పలేదు మేడమ్. సెక్షన్ మార్చేస్తారేమోనని భయం వేసింది" అన్నారావిడ.

ఆ భయం నాకు అర్థమైంది. అయినా ఆవిడతో ఒక్క మాట అన్నాను. "మీరు చెప్పకపోతే పాపకు చూపు తక్కువని మాకు తెలియదండీ. శ్రద్ధ తక్కువని మాత్రం అందరూ అనుకుంటారు."

మర్నాటి నుంచి మాగ్నిఫయర్ బ్యాగులో వచ్చింది. కానీ బ్యాగులోనే ఉండిపోయింది. పాప దాన్ని బయటకు తియ్యదు. తీసినా ఒళ్లో పెట్టుకుంటుంది. ఎవరో ఒకబ్బాయి "మేడమ్, ఈ అమ్మాయి క్లాసులో వీడియోలు చూస్తోంది" అన్నాడు. పాప ముఖం చిన్నబోయింది. నేను అప్పుడేమీ అనలేదు. క్లాసయ్యాక పాపను అడిగాను, "దీని గురించి అందరికీ నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అని. రెండు రోజులు ఆలోచించుకుని, తనే చెబుతానంది. పది రూపాయల నోటు తెచ్చి, కంటికి ఆనని సన్న అక్షరాలు దాని మీద ఎక్కడున్నాయో స్క్రీన్ మీద అందరికీ చూపించింది. ఆ తరువాత చీమ, రావి ఆకు ఈనెలు, చొక్కా నేత. పీరియడ్ అయిపోయినా ఎవరూ కదల్లేదు. చివర్లో ఒక నియమం పెట్టుకున్నాం: అది తన కళ్లజోడు లాంటిది, అడక్కుండా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ నియమాన్ని పిల్లలే చార్టు మీద రాసి అంటించారు.

ఇలాంటి పరికరం ఎలా పుట్టిందో కూడా ఆ రోజు చెప్పాను. అమెరికాలో శామ్యూల్ జెనెన్‌స్కీ అనే గణిత శాస్త్రవేత్త ఉండేవారు. పుట్టిన కొత్తలో కళ్లలో పొరపాటున వేరే మందు వేయడంతో ఆయన చూపు చాలావరకు పోయింది. హైస్కూల్లో బైనాక్యులర్స్ పెట్టుకుని బోర్డు చూసేవారు. గణితంలో డాక్టరేట్ తీసుకుని ర్యాండ్ సంస్థలో చేరాక, 1960ల చివర్లో సహోద్యోగులతో కలిసి, కెమెరానూ టీవీనీ జోడించి పుస్తకం చదువుకునే యంత్రం తయారు చేశారు. నేటి ఎలక్ట్రానిక్ మాగ్నిఫయర్లకు దారి వేసినవాటిలో అదొకటి. "బైనాక్యులర్స్ పెట్టుకుంటే ఎవరూ నవ్వలేదా మేడమ్?" అని పాప అడిగింది. "నవ్వే ఉంటారు. ఆయన బోర్డు చూసుకున్నారు" అన్నాను.

కొనేముందు

దయచేసి ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనేయకండి. ముందు కంటి ఆస్పత్రిలో లో విజన్ పరీక్ష చేయించండి. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి పెద్ద కంటి ఆస్పత్రుల్లో దీనికి ప్రత్యేక విభాగాలున్నాయి. ఏ పరికరం, ఎంత పెద్దది, ఏ రంగుల్లో చదవడం తేలిక, అన్నీ అక్కడ చదివించి చూస్తారు. ధరలు కొన్ని వేల నుంచి లక్ష రూపాయలు దాటేవరకు ఉంటాయి. పరీక్ష లేకుండా కొన్న ఖరీదైన పరికరం బీరువాలో చేరుతుంది.

"ఎంత పెద్దగా చూపిస్తే అంత మంచిది" అన్నది చాలామంది పడే పొరపాటు. ఒక చిన్న లెక్క చూడండి. 5 అంగుళాల స్క్రీన్ అడ్డంగా సుమారు 11 సెంటీమీటర్లు ఉంటుంది. అక్షరాన్ని 5 రెట్లు పెంచితే పుస్తకంలో 2.2 సెంటీమీటర్ల మేర మాత్రమే కనిపిస్తుంది. 10 రెట్లు పెంచితే 1.1 సెంటీమీటర్. కాస్త పొడవైన పదం పూర్తిగా పట్టదు. లైను మొదట చదివింది చివరికి వచ్చేసరికి మరిచిపోతారు. హాయిగా చదవగలిగే అతి తక్కువ పరిమాణమే సరైనది. రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి జబ్బులవల్ల చూపు మేర సన్నబడినవాళ్లకు మరీ పెద్ద అక్షరం మేలుకన్నా ఇబ్బందే ఎక్కువ చేస్తుంది.

జిరాక్స్ తీసి పెద్దది చేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఏ4 కాగితాన్ని ఏ3కి పెంచితే అక్షరం 1.4 రెట్లే పెరుగుతుంది. 10 పాయింట్ల అక్షరం 14 అవుతుంది. కొందరికి చాలు, మా పాపకు చాలదు.

స్మార్ట్‌ఫోన్ కెమెరా కూడా అవసరానికి పనికొస్తుంది. ఐఫోన్లలో మాగ్నిఫయర్ సదుపాయం ఫోన్‌తోపాటే వస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అలాంటి యాప్ వేసుకోవచ్చు. మందుల చీటీకి, షాపులో ధర చూడడానికి అది చాలు. గంటసేపు పాఠం చదవాలంటే మాత్రం చేతితో ఎత్తి పట్టుకోనక్కర్లేకుండా పుస్తకం మీద నిలబడే పరికరమే తేలిక. పైగా దానికి ఫోన్ కాల్స్, మెసేజ్‌లు రావు.

వాడడం నేర్పాలి, అలవాటు చేయాలి

కొనివ్వగానే చదవడం వచ్చేయదు. సైకిల్‌లాగే ఇదీ నేర్చుకోవాలి. నాన్నగారికి, పాపకు పనిచేసిన పద్ధతులు ఇవి.

మొదటి వారం రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు. అక్షరాలు స్క్రీన్ మీద కదులుతుంటే కొత్తలో కళ్లు తిరిగినట్టు ఉంటుంది. అప్పుడు ఆపి దూరంగా చూడమనండి. మొదట పేపర్ హెడ్డింగులు, తరువాత కథల పుస్తకం, ఆ తరువాతే పాఠ్యపుస్తకం.

ముందు అక్షరం చిన్నగా పెట్టుకుని పేజీలో కావలసిన చోటు వెతుక్కోవాలి. దొరికాక పెద్దది చేసుకోవాలి. పేజీని నిటారుగా పెట్టి, మాగ్నిఫయర్‌ను లైను వెంబడి ఎడమ నుంచి కుడికి మెల్లగా జరపాలి. లైను అయ్యాక నేరుగా కింది లైనులోకి దూకకూడదు. వచ్చిన దారినే వెనక్కి లైను మొదటికి వెళ్లి, అక్కడి నుంచి కిందికి దిగాలి. అప్పుడు లైను తప్పదు. లైను కింద స్కేలు పెట్టుకున్నా మంచిదే.

తెలుగు చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త. మన అక్షరాలకు పైన గుడి, దీర్ఘం, కింద ఒత్తులు ఉంటాయి. మరీ పెద్దది చేస్తే ఒత్తు స్క్రీన్ కిందికి పోతుంది. మరీ చిన్నది చేస్తే ద, ధ, థల మధ్య తేడా తెలియదు. అందుకని పాప ఇంగ్లిష్‌కు ఒక పరిమాణం, తెలుగుకు ఇంకో పరిమాణం పెట్టుకుంటుంది. ఇది తనంతట తనే కనిపెట్టింది.

రంగులు మార్చే బటన్‌ను తప్పకుండా వాడనివ్వండి. నల్లటి తెర మీద తెల్లని అక్షరాలు, లేదా నలుపు మీద పసుపు, చాలామందికి వెలుగు పోటు తగ్గిస్తాయి. నున్నని మెరిసే కాగితం మీద పరికరం లైటు పడి తెల్లగా కొడితే, ఆ లైటు ఆపేయాలి. బొమ్మను నిలిపే ఫ్రీజ్ బటన్‌తో, చేయి చేరని చోట ఉన్న కరెంటు మీటరు రీడింగ్‌నో మందు డబ్బా మీది తేదీనో ఫొటోలా పట్టుకుని, దగ్గరకు తెచ్చుకుని చదవొచ్చు.

ఇక తల్లిదండ్రులు అందరూ అడిగే ప్రశ్న: "ఇంత దగ్గరగా స్క్రీన్ చూస్తే ఉన్న చూపు పోదా?" పోదు. చూపును వాడితే అరిగిపోదు. కళ్లు అలసిపోతాయి, మెడ నొప్పి పుడుతుంది, అంతే. పుస్తకాన్ని ఏటవాలు స్టాండు మీద పెడితే మెడ వంచే పని తగ్గుతుంది. మధ్య మధ్య విరామం ఇవ్వండి.

చూసుకుంటేనే పనిచేస్తుంది

చాలా పరికరాలు పాడైపోయి కాదు, మురికి పట్టి, ఛార్జింగ్ లేక పక్కన పడిపోతాయి. ఈ పనుల్లో చాలావాటిని పిల్లలే చేసుకోగలరు.

శుభ్రం: ముందు స్విచ్ ఆపాలి. కెమెరా పరికరం అడుగున ఉంటుంది, అందరూ మరిచిపోయేది అదే. దుమ్మును గాలి బల్బుతో ఊదేసి, తరువాత కళ్లజోడుకిచ్చే మెత్తని గుడ్డతో తుడవాలి. దుమ్ము ఉండగానే రుద్దితే గీతలు పడతాయి. చీర కొంగు, చున్నీ, టిష్యూ కాగితం వద్దు. స్పిరిట్, శానిటైజర్, కిటికీ అద్దాలు తుడిచే ద్రవాలు వద్దు. మరక పోకపోతే గుడ్డను నీటితో కొద్దిగా తడిపి తుడిస్తే చాలు, నీళ్లు నేరుగా పరికరం మీద పోయకూడదు.

మచ్చ ఎక్కడుందో తెలుసుకోవడం: స్క్రీన్ మీద నల్లమచ్చ కనిపిస్తే పుస్తకాన్ని జరపండి. మచ్చ కూడా జరిగితే అది కాగితం మీద ఉంది. జరగకపోతే స్క్రీన్ తుడవండి. అప్పటికీ పోకపోతే కెమెరా అద్దం మీద ఉన్నట్టే.

బ్యాటరీ: రోజూ రాత్రి ఒకే సమయానికి, ఒకే చోట ఛార్జింగ్ పెట్టడం అలవాటు చేయండి. టిఫిన్ బాక్సు సర్దినట్టే ఇదీ. దాంతోపాటు వచ్చిన ఛార్జరే వాడండి. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. మే నెలలో తలుపులు మూసిన కారులో, కిటికీ దగ్గర ఎండలో వదిలేయకండి. వేసవి సెలవుల్లో వాడకుండా ఉంచాల్సి వస్తే సగం ఛార్జింగ్‌తో చల్లని పొడి చోట పెట్టండి. పూర్తిగా ఖాళీ చేసి నెలలు వదిలేస్తే బ్యాటరీ దెబ్బతింటుంది. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే వాడడం ఆపి సర్వీస్‌కు ఇవ్వండి, గుచ్చి చూడకండి.

బ్యాగులో: గట్టి కేసులో పెట్టి, వాటర్ బాటిల్ లేని అరలో ఉంచాలి. కేసు మీద పేరు, తరగతి, మీ ఫోన్ నంబరు అంటించండి. బిల్లు, వారంటీ కార్డు ఫొటో తీసి మీ ఫోన్‌లో ఉంచుకోండి.

పాడైందని తొందరపడేముందు: అక్షరాలు ఒక్కసారిగా రంగు మారితే రంగుల బటన్ నొక్కారన్నమాట. బొమ్మ కదలకపోతే ఫ్రీజ్ నొక్కి ఉంటారు. దానంతట అదే ఆగిపోతే ఛార్జింగ్ పొదుపు కోసం ఆగి ఉండొచ్చు. ఈ మూడూ చూసుకున్నాకే సర్వీస్ సెంటరుకు ఫోన్ చేయండి. నాన్నగారు మొదటి నెలలో నాకు చేసిన ఫోన్లన్నీ ఈ మూడింటి గురించే.

స్కూలు, పరీక్షలు, హక్కులు

చేతి మాగ్నిఫయర్ పుస్తకానికి పనికొస్తుంది, బోర్డుకు సరిపోదు. అందుకని ఆ పాప మొదటి బెంచీలో కూర్చుంటుంది. నేను బోర్డు మీద రాసేటప్పుడు పైకి చదువుతూ రాస్తాను. దానివల్ల మిగతా పిల్లలకు కూడా స్పెల్లింగ్ చెవిన పడుతోంది. నోట్సు ముందుగానే పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇస్తున్నాం.

పరీక్షల విషయంలో ముందుజాగ్రత్త అవసరం. కొన్ని మాగ్నిఫయర్లు ఫొటోలు దాచుకోగలవు. ఇన్విజిలేటర్‌కు అనుమానం రావడం సహజం. పరీక్ష రోజున గుమ్మం దగ్గర వాదించుకోకుండా, డాక్టర్ సర్టిఫికెట్ జత చేసి స్కూలు ద్వారా ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వైకల్యం 40 శాతం, అంతకుమించి ఉన్నవాళ్ల రాత పరీక్షల గురించి 2018లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. సహాయకుణ్ని తీసుకోకుండా తామే రాసేవాళ్లకు కూడా 3 గంటల పరీక్షకు కనీసం 1 గంట అదనంగా ఇవ్వాలని అందులో ఉంది. దీనికి యూడీఐడీ కార్డు ముందే చేయించుకుంటే మంచిది.

2016 చట్టం ప్రకారం గుర్తింపు పొందిన ఏ పాఠశాలా వైకల్యం కారణంగా పిల్లలను వివక్షతో చూడకూడదు. 18 ఏళ్ల వరకు తగిన పుస్తకాలు, సహాయక పరికరాలు ఉచితంగా అందేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వాలకు ఉంది. కాబట్టి అడగడానికి సంకోచించకండి.

అర్ధ సంవత్సర పరీక్షలో మా పాప ప్రశ్నపత్రం మొత్తం తనే చదువుకుంది. మార్కులు అమాంతం పెరిగిపోలేదు. చూసి రాసే తప్పులు తగ్గాయి. లెక్కల్లో గ్రాఫులు ఇంకా కష్టంగానే ఉన్నాయి, మ్యాథ్స్ సారూ నేనూ దారి వెతుకుతున్నాం. వాళ్ల అమ్మగారు మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో అడిగారు, "చూపు ఇంకా తగ్గితే ఈ పరికరం కూడా పనిచేయదు కదా మేడమ్?" అని. నిజమే, ఒకనాటికి అలా జరగొచ్చు. అందుకే మాగ్నిఫయర్ వాడుతూనే, కీబోర్డు చూడకుండా టైపు చేయడం, కంప్యూటర్ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడడం ఇప్పటి నుంచే నేర్పిస్తున్నాం. శనివారాలు కంప్యూటర్ ల్యాబ్‌లో పాప టైపింగ్ సాధన చేస్తోంది. తోడుగా ఇంకో ఇద్దరు స్నేహితులు కూడా కూర్చుంటున్నారు.

తల్లిదండ్రులుగా మిమ్మల్ని మూడు పనులు చేయమని అడుగుతున్నాను. ఈ వారం మీ పిల్లల చేత పాఠ్యపుస్తకంలో ఒక పేజీ పైకి చదివించండి. పుస్తకాన్ని ఎంత దగ్గరగా పట్టుకుంటున్నారో, తల ఏ వైపు వంచుతున్నారో, ఏ అక్షరాల దగ్గర తడబడుతున్నారో చూడండి. అనుమానం ఉంటే కంటి డాక్టర్‌కు చూపించండి, మాకూ చెప్పండి. రెండు, క్లాసులో ఎవరైనా ఇలాంటి పరికరం వాడుతుంటే అది ఆట వస్తువు కాదనీ, జాలి పడాల్సిన విషయం కూడా కాదనీ ఇంట్లో చెప్పండి. మూడు, మీ ఇంట్లో చదవడం మానేసిన పెద్దవాళ్లుంటే "ఎందుకు మానేశారు?" అని ఒకసారి అడగండి. "ఆసక్తి లేదు" అంటే వెంటనే నమ్మకండి. మా నాన్నగారు కూడా మొదట అదే చెప్పారు.

వివరాలు మాట్లాడాలనుకునేవాళ్లు సాయంత్రం స్కూలు వదిలాక నన్ను కలవొచ్చు. డైరీలో ఒక్క లైను రాసి పంపినా చాలు.